మగ్గం పక్కన నేర్చుకున్న ఇంగ్లిష్ మాటలు: నా పద్ధతి ఇదీ

కొన్నేళ్ల కింద ఒక చలికాలం పొద్దున మా ఇంటికి ఇద్దరు విదేశీయులు వచ్చారు. మాది భూదాన్ పోచంపల్లి, గుంట మగ్గం ఉన్న ఇల్లు. వాళ్లలో ఒకామె మగ్గం మీది చీరను చాలాసేపు చూసి 'హౌ లాంగ్ డజ్ ఇట్ టేక్?' అని అడిగింది. అందులో 'లాంగ్' నాకు చిన్న తరగతుల నుంచీ తెలిసిన మాట, పొడుగు అని. 'ఫైవ్ అండ్ హాఫ్ మీటర్' అన్నాను. ఆమె తలూపి ఊరుకుంది. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన మా బిడ్డకు చెబితే, 'అమ్మా, ఎన్ని రోజులు పడుతుందని అడిగిందామె' అన్నది. ఆసు పోసి (నూలును ఒక చట్రం మీద సర్ది), చిటికి కట్టి (రంగు అంటకూడని చోట నూలుకు కట్లు కట్టి), రంగులద్ది, ఏడు చీరల పడుగు (నిలువు పోగులు) దింపేసరికి మాకు నెలన్నర పడుతుంది. ఆ నెలన్నర గురించి ఒక మనిషి అంత దూరం నుంచి వచ్చి అడిగితే, నేను గుడ్డ కొలత చెప్పి పంపించాను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

నేను తెలుగు మీడియంలో పదో తరగతి వరకు చదివాను. ఇప్పుడు వచ్చినవాళ్లకు మా పని గురించి గంటసేపు ఇంగ్లిష్‌లో చెప్పగలను, ధర దగ్గర మాట పడితే జవాబూ చెప్పగలను. ఏ కోర్సుకూ పోలేదు. ఏం చేశానో, ఏది పనిచేసిందో రాస్తున్నాను. మీది నేతే కానక్కర్లేదు. కిరాణా కొట్టయినా, ఆసుపత్రిలో నర్సు పనయినా, అమెరికాలో బిడ్డ ఇంటికి పోయి పక్కింటామెతో నాలుగు మాటలు మాట్లాడాలన్నా ఇట్లాగే మొదలుపెట్టొచ్చు.

ముందు తెలుగులో రాయండి

మొదటి వారం ఇంగ్లిష్ జోలికే పోవద్దు. రోజంతా మీరు ఎవరితో ఏం మాట్లాడుతున్నారో, ఏ ప్రశ్న మళ్లీ మళ్లీ ఎదురవుతుందో తెలుగులో రాసుకోండి. నేను డిజైన్ గీసే గ్రాఫ్ కాగితాల వెనక రాశాను. 'రంగు పోతుందా?', 'ఇది మీరే నేశారా?', 'ఎందుకింత ధర?', 'పిల్లలు కూడా ఈ పనిలోకి వస్తారా?', 'కూర్చోండి, చాయ్ తాగుతారా?' ఇట్లాంటివి వారంలో 62 తేలాయి. ఒక మనిషి బతుకులో సగం మాటలు ఇట్లాంటి కొన్ని వాక్యాల చుట్టే తిరుగుతాయని అప్పుడే తెలిసింది.

బస్టాండులో అమ్మే పదాల పుస్తకం నేనూ కొన్నాను. అక్షరాల వరుసలో ఉంటుంది కాబట్టి మొదట్లోనే 'అబాండన్' వచ్చింది. వదిలిపెట్టడం అని అర్థం. అది నేర్చుకున్నాక దాన్ని ఎవరికి చెప్పాలో తెలియలేదు. చెప్పాల్సిన సందర్భం లేని మాట రెండు రోజులకే జారిపోతుంది. మీ 62 వాక్యాలు అట్లా కావు, రేపు పొద్దునే వాటి అవసరం పడుతుంది.

ఇంట్లో ఉన్న మాటలు లెక్కపెట్టండి

రెండో వారం మీకు ఇప్పటికే వచ్చిన ఇంగ్లిష్ మాటలు రాయండి. మన తెలుగులో ఎన్ని కలిసిపోయాయో చూస్తే ధైర్యం వస్తుంది. మా అత్తమ్మ బడి ముఖం చూడలేదు. ఆమె నోట రోజూ వచ్చేవి రాస్తే రెండు పేజీలు నిండాయి: కరెంటు, లైటు, బ్యాంకు, డిజైను, సైజు, ఆర్డరు, రేటు, టైము, టెన్షను, డౌటు.

కానీ ఈ మాటలన్నిటినీ అట్లాగే వాడితే చిక్కొస్తుంది. కొన్ని మన దగ్గరికొచ్చి అర్థం మార్చుకున్నాయి. చీర ఇచ్చేటప్పుడు 'కవర్ కావాలా?' అని అడిగితే వాళ్లకు అర్థం కాలేదు. మనం కవర్ అనేదాన్ని వాళ్లు 'బ్యాగ్' అంటారు. పని వివరించాక 'ఎనీ డౌట్స్?' అని అడిగేదాన్ని. ఒకాయన కంగారుపడి, మీ మాట మీద నాకు పూర్తి నమ్మకం ఉందని చెప్పాడు. మనకు డౌటు అంటే అడగాల్సిన ప్రశ్న, వాళ్లకు నమ్మకం లేకపోవడం. అక్కడ 'ఎనీ క్వశ్చన్స్?' అనాలి. 'రేటు' బదులు 'ప్రైస్', 'టెన్షన్‌గా ఉంది' అనేచోట 'ఐయామ్ వర్రీడ్', 'కరెంటు పోయింది' అనేచోట 'ద పవర్ ఈజ్ అవుట్'. అమ్మాయి 'హోమ్లీ'గా ఉంటుందని మనం మెచ్చుకుంటాం. అమెరికాలో ఆ మాటకు అందం లేనిదని అర్థం, జాగ్రత్త.

ఇంకో రకం మాటలున్నాయి, వాటిలో మనకు ఒక్క అర్థమే తెలుసు. 'టై' అంటే మెడకు కట్టుకునేదని తెలుసు, కానీ దాని అసలు అర్థం కట్టడం. మేం చిటికి కట్టేదాన్ని చెప్పడానికి ఆ మాటే కావాలి. మా నేతకున్న ఇక్కత్ అనే పేరు కూడా మలయ్, ఇండొనేషియన్ భాషల్లో కట్టడం అనే మాట నుంచే వచ్చింది. 'రన్' అంటే పరుగెత్తడం అనుకునేదాన్ని. 'డజ్ ద కలర్ రన్?' అంటే రంగు పోతుందా అని. 'ఫాస్ట్' అంటే వేగం అనుకునేదాన్ని. రంగు 'ఫాస్ట్' అంటే గట్టిగా పట్టిందని. ఇట్లాంటి చిన్న మాటల మీద పెట్టిన ఒక గంట, పెద్ద మాటల మీద పెట్టిన పది గంటల కంటే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

ఒంటరి మాట నేర్చుకోవద్దు

పడుగు ఒక్కటే ఉంటే గుడ్డ కాదు, పేక (అడ్డ పోగులు) ఒక్కటే ఉన్నా కాదు. ఇంగ్లిష్ మాట కూడా తన జత మాటతో కలిస్తేనే నిలుస్తుంది. 'లాంగ్' నాకు ఒంటరిగా తెలుసు, 'హౌ లాంగ్ డజ్ ఇట్ టేక్' జతలో తెలియదు. నా పొరపాటు మొత్తం అక్కడే ఉంది.

తెలుగువాళ్లకు దీన్లో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, మన 'చేయడం' ఒక్కటే అన్నిటికీ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో అది ముక్కలవుతుంది. హోంవర్క్ చేశానంటే 'డిడ్'. తప్పు చేశానంటే 'మేడ్ ఎ మిస్టేక్'. స్నానం చేశానంటే 'టుక్ ఎ బాత్'. పెళ్లి చేసుకున్నానంటే 'గాట్ మ్యారీడ్'. ఫోన్ చేశానంటే 'కాల్డ్'. 'వేయడం' ఇంకా విచిత్రం. ఫ్యాన్ వేయి: 'టర్న్ ఆన్ ద ఫ్యాన్'. తాళం వేయి: 'లాక్ ద డోర్'. ముగ్గు వేశాను: 'ఐ డ్రూ'. గోలీ వేసుకున్నాను: 'ఐ టుక్ ఎ టాబ్లెట్'. చలేస్తోంది: 'ఐయామ్ కోల్డ్'. మనకు ఆకలి వేస్తుంది, నిద్ర వస్తుంది, కోపం వస్తుంది, అవన్నీ మన దగ్గరికి నడిచొస్తాయి. ఇంగ్లిష్‌లో మనిషే ముందు నిలబడాలి: 'ఐయామ్ హంగ్రీ', 'ఐయామ్ స్లీపీ', 'ఐ గాట్ యాంగ్రీ'. 'స్లీప్ ఈజ్ కమింగ్' అంటే వాళ్లకు వింతగా ఉంటుంది.

అందుకే పుస్తకంలో రాసేటప్పుడు మాట పక్కన అర్థం రాయకుండా, వాక్యం పక్కన వాక్యం రాయండి. ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఇంగ్లిష్. తెలుగు ఎడమ పక్కే ఎందుకంటే, మాట్లాడేటప్పుడు మనం పోయే దిక్కు అదే. ఇంగ్లిష్ చూసి తెలుగు చెప్పడం చదువుకు పనికొస్తుంది, నోటికి పనికిరాదు. 'తెలుగులో ఆలోచించకండి' అని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. నా ఆలోచన తెలుగులోనే పుడుతుంది. దాన్ని మాటకు మాట దించకుండా, ఇదే సంగతిని వాళ్లెట్లా అంటారని వెతుక్కుంటే చాలు.

ముందు పట్టాల్సిన క్రియలు కొన్నే. సి.కె. ఆగ్డెన్ అనే ఇంగ్లండ్ పండితుడు 1930లో బేసిక్ ఇంగ్లిష్ అని 850 మాటలతో ఒక చిన్న భాష తయారుచేశాడు. అందులో క్రియలు 18 మాత్రమే: గెట్, గివ్, టేక్, పుట్, కీప్, లెట్, మేక్, గో, కమ్ లాంటివి. నేను ఒక్కో వారం ఒక్క క్రియ పెట్టుకున్నాను. 'కీప్' వారంలో ఇంట్లో ఏది కనిపించినా దానితో చెప్పాను. 'కీప్ ద యార్న్ డ్రై', 'కీప్ ఇట్ ఇన్ ద షేడ్', 'డోంట్ కీప్ హర్ వెయిటింగ్'.

మాట దొరకనప్పుడు

నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడ్డది ఇదే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. ఎంత నేర్చుకున్నా మాట్లాడేటప్పుడు ఒక మాట దొరకదు. అక్కడ ఆగిపోయి, చెయ్యి చూపించి, నవ్వి ఊరుకుంటే సంభాషణ ఆగిపోతుంది. చుట్టుదారి తెలిస్తే ఆగదు. ఆ దారికి ఐదు మెట్లు: 'ఇట్స్ ఎ కైండ్ ఆఫ్' (ఒక రకమైన), 'ఇట్ లుక్స్ లైక్' (చూడ్డానికి ఇట్లా ఉంటుంది), 'ఇట్స్ మేడ్ ఆఫ్' (దీంతో చేస్తారు), 'వి యూజ్ ఇట్ టు' (ఇందుకు వాడతాం), 'ఇట్స్ ద ఆపోజిట్ ఆఫ్' (దీనికి వ్యతిరేకం).

ఆసుకు ఇంగ్లిష్ మాట నాకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ పడలేదు. 'ఇట్స్ ఎ కైండ్ ఆఫ్ ఫ్రేమ్. ఇట్ లుక్స్ లైక్ ఎ హాఫ్ సర్కిల్, విత్ పెగ్స్. వి యూజ్ ఇట్ టు అరేంజ్ ద యార్న్ బిఫోర్ వి టై ఇట్.' అంతే. ఆసు పోసే ఆడవాళ్ల చెయ్యి వేలసార్లు ముందుకూ వెనక్కూ ఆడాలి, భుజాలు పడిపోతాయి. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ పడ్డ బాధ చూసే ఆసు యంత్రం కనిపెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ కథ చెప్పడానికి నాకు కావాల్సిన కొత్త మాటలు రెండే: 'షోల్డర్', 'ఇన్వెంటెడ్'.

బతుకమ్మ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు: 'ఇట్స్ ఎ ఫెస్టివల్ ఆఫ్ ఫ్లవర్స్. నైన్ డేస్. వి స్టాక్ ద ఫ్లవర్స్ లైక్ ఎ స్మాల్ టవర్, అండ్ విమిన్ గో రౌండ్ ఇట్ అండ్ సింగ్.' మొహమాటం అనే మాటకు మాత్రం చాలా రోజులు తిప్పలు పడ్డాను. డిక్షనరీ ఇచ్చిన మాటల్లో ఏదీ సరిపోలేదు. చివరికి జరిగిన సంగతి చెప్పడమే సులువని తేలింది. 'షి ఆస్క్డ్ ఫర్ ఎ లోయర్ ప్రైస్. ఐ ఫెల్ట్ బ్యాడ్ సేయింగ్ నో.' మొహమాటం అందులోకి వచ్చేసింది.

దీనికి సాధన కావాలంటే నేర్చుకునేవాళ్ల కోసం చేసిన ఇంగ్లిష్–ఇంగ్లిష్ నిఘంటువు చదవండి. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువులో అన్ని మాటలకూ అర్థాలు దాదాపు 2000 తేలిక మాటలతోనే రాశారు. అట్లాంటి నిఘంటువులు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతాయి. ఒక వస్తువు అర్థం చూసే ముందు మీరే చెప్పి, తర్వాత వాళ్లెట్లా చెప్పారో పోల్చుకోండి. కుర్చీతో మొదలుపెట్టండి. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో 1959లో స్పెషల్ ఇంగ్లిష్ పేరుతో, సుమారు 1500 మాటలతో నెమ్మదిగా వార్తలు చదవడం మొదలుపెట్టింది. ప్రపంచం సంగతులన్నీ 1500 మాటల్లో పట్టినప్పుడు మన ఇంటి సంగతులు పట్టవా?

మాట తోకలు పట్టుకున్నా మంచి లాభం. మా ఊరికి భూదాన్ అని పేరెందుకని అడుగుతారు. 1951 ఏప్రిల్ 18న గాంధీ శిష్యుడు వినోబా భావే ఇక్కడికి వచ్చినప్పుడు భూమి లేని దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి అనే భూస్వామి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. భూదాన ఉద్యమం అట్లా మొదలైంది. భూమి లేనివాళ్లు అనడానికి మాట కోసం వెతికితే 'ల్యాండ్‌లెస్' దొరికింది. తిట్లలో వినే 'యూజ్‌లెస్'లో ఉన్న తోకే అది. ఆ ఒక్క తోకతో హోమ్‌లెస్, జాబ్‌లెస్, కలర్‌లెస్ వచ్చాయి. చేసే మనిషికి 'ఎర్': వీవర్, డైయర్, బయ్యర్.

మన అభిప్రాయం చెప్పడం

వస్తువుల పేర్లు, ధరలు చెప్పడం ఒక మెట్టు. మన మనసులో మాట చెప్పి ఎదుటివాళ్లను ఒప్పించడం వేరే మెట్టు. దానికి కావాల్సినవి కొన్ని అతుకు మాటలు. తెలుగులో మనకు ఎట్లాగూ అలవాటైనవే. 'అంటే' అనేచోట 'ఐ మీన్'. 'మీరన్నది నిజమే గానీ' అనేచోట 'దట్స్ ట్రూ, బట్'. 'నా అనుభవంలో' అంటే 'ఇన్ మై ఎక్స్‌పీరియన్స్'. 'అది సందర్భాన్ని బట్టి' అంటే 'ఇట్ డిపెండ్స్'. 'అందుకే' అంటే 'దట్స్ వై'. వీటికి ఇంకో లాభం ఉంది. ఇవి నోట్లో ఆడుతున్నంతసేపూ తర్వాతి వాక్యం కూర్చుకోవడానికి టైము దొరుకుతుంది.

మీరు గట్టిగా నమ్మే విషయం ఒకటి తీసుకోండి. దాని మీద ఐదు వాక్యాలు తయారుచేసి నోటికి వచ్చేదాకా చెప్పండి. నాది ఇది. బజార్లో ఇదే డిజైన్ ప్రింట్ చీర తక్కువకు వస్తుందని ఎవరైనా అంటారు. 'దట్స్ ట్రూ, ఇట్స్ చీపర్. బట్ ప్లీజ్ టర్న్ ఇట్ ఓవర్. ద ప్రింటెడ్ వన్ ఈజ్ పేల్ ఆన్ ద బ్యాక్. అవర్స్ ఈజ్ ద సేమ్ ఆన్ బోత్ సైడ్స్, బికాజ్ వి డై ద యార్న్ బిఫోర్ వి వీవ్. లుక్ ఎట్ ద ఎడ్జెస్, దే ఆర్ ఎ లిటిల్ సాఫ్ట్, దట్స్ హౌ యూ నో ఇట్స్ టైడ్ బై హ్యాండ్.' ఈ మాటలు చెప్పేటప్పుడు నా గొంతు వణకదు. ఎందుకంటే ఆ సంగతి నాకు ఎవరికంటే బాగా తెలుసు. మీకు బాగా తెలిసిన సంగతితో మొదలుపెట్టండి, భాష వెనక నడిచొస్తుంది.

పలుకు గురించి కొంచెం

తెలుగు లిపిలో రాసుకోవడం తప్పేమీ కాదు, నేను ఇప్పటికీ రాసుకుంటాను. కానీ మన లిపి పట్టుకోలేనివి మూడున్నాయి. 'వీవ్'లో రెండు 'వ'లు వేరు. మొదటిదానికి పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి, రెండోదానికి పైపళ్లు కింది పెదవికి తగలాలి. మన 'జ' కూడా వాళ్లకు రెండు. 'జ్యూస్'లో మనదే. 'జీరో'లో మాత్రం తేనెటీగ రొదలాంటిది. మూడోది ఊత. 'ప్యాటర్న్' అంటే మొదటి భాగం మీద, 'డిజైన్' అంటే రెండో భాగం మీద బరువు పడాలి. బరువు పడే అక్షరం కింద నేను గీత గీస్తాను. ఇంకా, చివర 'ఉ' చేర్చే అలవాటు మానాలి. సిల్కు కాదు 'సిల్క్'. ఒకామె ఉంటే 'వుమన్', పదిమంది ఉంటే 'విమిన్'. రంగులద్దే 'డై', చచ్చిపోయే 'డై' రెండూ ఒకేలా పలుకుతాయి, వినేవాళ్లు సందర్భం బట్టి తెలుసుకుంటారు, భయపడకండి.

మరిచిపోకుండా ఉండటానికి

హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీదనే పరీక్షలు చేసుకుని, నేర్చుకున్నది మొదటి గంటల్లో, మొదటి రోజుల్లోనే ఎక్కువ జారిపోతుందని 1885లో రాశాడు. సెబాస్టియన్ లైట్నర్ అనే రచయిత 1972లో దీనికి ఒక పెట్టె ఉపాయం చెప్పాడు. నేను పాత పెళ్లిపత్రికలు కత్తిరించి కార్డులు చేసి, స్వీట్ల డబ్బాలో ఐదు అరలు చేసుకున్నాను. కార్డుకు ఒక పక్క తెలుగు వాక్యం, రెండో పక్క ఇంగ్లిష్. కొత్తది మొదటి అరలో పడుతుంది. మొదటి అర రోజూ చూడాలి, రెండోది రోజు విడిచి రోజు, మూడోది వారానికోసారి, నాలుగోది పదిహేను రోజులకు, ఐదోది నెలకు. పైకి గట్టిగా, తడుముకోకుండా చెప్పగలిగితే కార్డు తర్వాతి అరకు పోతుంది. తప్పితే, ఏ అరలో ఉన్నా మళ్లీ మొదటి అరకే. ఇక్కడ మనసు గట్టి చేసుకోవాలి, 'దగ్గర దగ్గరగా చెప్పాను కదా' అని వదిలేయవద్దు.

రోజుకు కొత్త కార్డులు మూడే. ఉత్సాహంలో ఒక వారం ఇరవై చొప్పున రాసి చూశాను, మొదటి అర పొంగిపోయి డబ్బా ముట్టుకోబుద్ధి కాలేదు. మూడు చొప్పున ఏడాదికి వెయ్యి దాటుతాయి.

కార్డు రాసిన రోజే ఆ వాక్యం ఒక మనిషితో అనాలి. నేను కండెలు (నాడెలో పెట్టే నూలు చుట్టలు) చుట్టేటప్పుడు మా బిడ్డతో పది నిమిషాలు మాట్లాడతాను. తను మధ్యలో తప్పులు దిద్దకూడదు, చివర్లో రెండే చెప్పాలి. అది మా ఒప్పందం. మాట మాటకూ దిద్దితే పోగు తెగినట్టే, మళ్లీ అతికేసరికి చెప్పాలనుకున్నది పోతుంది. ఇంట్లో ఎవరూ లేకపోతే చేస్తున్న పనినే పైకి చెప్పుకోండి. నాడె (పేక పోగును అటూ ఇటూ మోసే సాధనం) ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోయేలోపు ఒక వాక్యం అని నేను పెట్టుకున్నాను.

ఎదుటివాళ్లు అడిగింది అర్థం కాకపోతే తలూపవద్దు. 'డూ యూ మీన్ డేస్?' అని మీరు అనుకున్నదాన్ని తిరిగి అడగండి. ఈ నాలుగు మాటలు ఆ చలికాలం పొద్దున నా దగ్గర ఉండి ఉంటే సరిపోయేది. అందుకే నా డబ్బాలో మొట్టమొదటి కార్డు అదే.

ఉగాదికీ దసరాకూ డబ్బా మొత్తం కింద పోసి చూస్తాను. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా నోటికి రాని కార్డులు, ఎంత బాగా వచ్చినా, తీసేస్తాను. మొన్న దసరాకు 40 దాకా తీసేశాను. వాటిలో 'అబాండన్' కూడా ఉంది. ఖాళీ అయిన చోట మా అత్తమ్మ మోకాళ్ల నొప్పుల గురించి డాక్టరమ్మతో చెప్పాల్సిన తొమ్మిది వాక్యాలు పెట్టాను.